దగ్గితే తలనొప్పి – పుర్రె అడుగున ఉన్న కిటుకు

తలనొప్పి ఎరగని మనిషి ఉండడు. ఎండలో తిరిగినా, పొద్దున్న ఏమీ తినకుండా బడికి వచ్చినా, పరీక్షల ముందు రాత్రంతా మేలుకొన్నా తల నొస్తుంది. అమ్మ అమృతాంజనం రాసి పడుకోమంటుంది. తెల్లవారేసరికి నొప్పి పోతుంది. అందుకే ఎవరైనా "తలనొప్పి" అంటే మనం పెద్దగా పట్టించుకోం. నేనూ ఒకసారి అలాగే పట్టించుకోలేదు.

కొన్నేళ్ళ క్రితం నా తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. ఎవరైనా నవ్విస్తే అందరితోపాటు తనూ నవ్వేది. మరుక్షణం రెండు చేతులతో మెడ వెనుక పట్టుకొని తల వంచేసుకొనేది. ఒకటి రెండు నిమిషాల్లో మళ్ళీ మామూలే. తుమ్మినా, దగ్గినా అంతే. "ఏమ్మా, ఏమైంది?" అంటే "తలనొప్పి మాస్టారూ" అనేది. కళ్ళు చూపించుకోమన్నాను. కళ్ళజోడు వచ్చింది కాని నొప్పి పోలేదు. రెండు నిమిషాల్లో వచ్చి, రెండు నిమిషాల్లో పోయే తలనొప్పి ఎక్కడైనా ఉంటుందా? పాఠం తప్పించుకోవడానికి వేసే వేషమనుకొని ఒకరోజు గట్టిగానే కోప్పడ్డాను.

అలాంటి తలనొప్పి ఉంది. దాని కారణం కంటిలో లేదు, కడుపులో లేదు. పుర్రె అడుగుభాగంలో, మెడతో కలిసే చోట ఉంది. అదేమిటో తెలియాలంటే ముందు మన తల ఎలా కట్టి ఉందో చూడాలి.

మూడు మెట్ల నేల

మన పుర్రెలో 22 ఎముకలు ఉన్నాయి. వాటిలో 14 ముఖానివి. మిగిలిన 8 ఎముకలు కలిసి మెదడును దాచిపెట్టే పెట్టె అవుతాయి. దీనినే కపాలం అంటారు. పెట్టె పైభాగం గుమ్మటంలా నున్నగా ఉంటుంది. నడినెత్తి మీద చేయి పెట్టుకుంటే మీకే తెలుస్తుంది. అడుగుభాగం మాత్రం అలా ఉండదు. లోపలినుంచి చూస్తే అది నుదుటి వైపునుంచి మెడ వైపుకు మూడు మెట్లుగా దిగుతూ వస్తుంది. మొదటి మెట్టు కళ్ళ పైన ఉంటుంది. రెండవది చెవుల మధ్య ఉంటుంది. మూడవది అన్నింటికన్నా పల్లంగా, తల వెనుక ఉంటుంది. ఈ మూడవ పల్లాన్ని పరఖాతం అంటారు. మనం తూలిపోకుండా నడిచేటట్లు చూసే అనుమస్తిష్కం కూర్చునేది ఇందులోనే. శ్వాసను, గుండె వేగాన్ని అదుపుచేసే మజ్జాముఖం ఉన్నదీ ఇక్కడే.

ఈ నేలలో నరాలు, రక్తనాళాలు వచ్చిపోవడానికి చాలా రంధ్రాలు ఉన్నాయి. వాటన్నిటిలో పెద్దది పరఖాతం అడుగున అనుకపాలాస్థిలో ఉంది. దాని పేరు మహావివరం. పేరుకు "మహా" అయినా పెద్దవాళ్ళలో దాని పొడవు సుమారు 35 మి.మీ., వెడల్పు సుమారు 30 మి.మీ. మన పది రూపాయల నాణెం అడ్డుకొలత 27 మి.మీ. దానికంటె కొంచెం పెద్ద కన్నమన్నమాట! మెదడునుంచి వెన్నుపాము కిందికి దిగేది ఈ దారినే. సరిగ్గా ఈ కన్నం కింద మెడలోని మొదటి వెన్నుపూస ఉంటుంది. తలను మోస్తుంది కనుక దానికి శీర్షధరం అని పేరు.

నీటిలో తేలే మెదడు

పెద్దవాళ్ళ మెదడు బరువు సుమారు 1400 గ్రాములు. అది కపాలంలో ఉత్తినే కూర్చుని ఉండదు. వరాశిక, లౌతికళ, మృద్వి అనే మూడు పొరలు దానిని చుట్టి ఉంటాయి. లోపలి రెండు పొరల మధ్య స్వచ్ఛమైన నీరులాంటి ద్రవం ఉంటుంది. అదే మస్తిష్కమేరు ద్రవం. మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ కలిపి ఈ ద్రవం 150 మి.లీ. మాత్రమే ఉంటుంది. కాని రోజుకు సుమారు 500 మి.లీ. తయారవుతుంది. పాతది రక్తంలోకి ఇంకిపోతూ, కొత్తది ఊరుతూ రోజుకు మూడుసార్లకు పైగా మారిపోతుందన్నమాట.

ఆర్కిమెడిస్ సూత్రం గుర్తున్నదా? ద్రవంలో మునిగిన వస్తువు బరువు తగ్గినట్లు ఉంటుంది. 1400 గ్రాముల మెదడు ఈ ద్రవంలో తేలుతూ సుమారు 50 గ్రాములే ఉన్నట్లు తన నేల మీద భారం వేస్తుంది. బావిలో నీటి లోపల ఉన్నంతసేపూ చేద తేలికగా ఉన్నట్లే!

అయితే ఒక చిక్కు ఉంది. కపాలం ఎముక. అది బెలూనులా సాగదు. అందులో ఉన్నవి మూడే – మెదడు, రక్తం, మస్తిష్కమేరు ద్రవం. ఒకటి పెరిగితే ఇంకొకటి చోటు ఇవ్వాలి. ఎడింబరోలో అలెగ్జాండర్ మన్రో 1783లోనూ, ఆయన శిష్యుడు జార్జ్ కెల్లీ 1824లోనూ చెప్పిన మాటలే ఈ సూత్రానికి పునాది. గుండె కొట్టుకున్నప్పుడల్లా కొంత రక్తం తలలోకి ఎగదన్నుకొస్తుంది. ఆ క్షణంలో కొద్దిగా ద్రవం మహావివరం గుండా వెన్నుపాము చుట్టూ ఉన్న సంచిలోకి దిగుతుంది. మరుక్షణం వెనక్కి వస్తుంది.

నెలల పిల్లల నెత్తి మీద మాడు కొట్టుకోవడం మీరు చూసే ఉంటారు. అక్కడ ఎముకలు ఇంకా కలవలేదు కనుక లోపలి పీడనంలో వచ్చే మార్పు పైకి తెలుస్తుంది. సుమారు రెండేళ్ళు వచ్చేసరికి మాడు పూడిపోతుంది. తరువాత మెదడుకు ఊపిరి సలపాలంటే అడుగున ఉన్న మహావివరమే దిక్కు. కనుక అది వెన్నుపాముకు ద్వారం మాత్రమే కాదు, నీటికి తూము కూడా.

దగ్గినప్పుడు జరిగేది

ఒకసారి గట్టిగా దగ్గి చూడండి. పొట్ట బిగుస్తుంది. ఛాతీలో, పొట్టలో పీడనం ఒక్కసారిగా పెరుగుతుంది. దానితో వెన్నెముక లోపలి సిరలు రక్తంతో ఉబ్బి ద్రవపు సంచిని నొక్కుతాయి. ద్రవం తలలోకి ఎగదన్నుతుంది. దగ్గు ఆగగానే కిందికి జారుతుంది. తుమ్మినా, పగలబడి నవ్వినా, బరువైన బిందె ఎత్తినా ఇదే జరుగుతుంది. తూము తెరిచి ఉంటే పైపీడనం, కిందిపీడనం క్షణంలో సమానమవుతాయి. మనకు ఏమీ తెలియదు.

మరి తూముకు ఏదైనా అడ్డం పడితే?

మీరే ప్రయోగం చేసి చూడవచ్చు. నొక్కితే సొట్టపడే ప్లాస్టిక్ సీసా తీసుకోండి. దాన్ని అంచువరకు నీటితో నింపి మూతికి బెలూను తొడగండి. సీసాను నొక్కండి. బెలూను ఉబ్బుతుంది. వదలండి. వెంటనే ముడుచుకుంటుంది. ఇప్పుడు బెలూను తీసి, సీసా మెడలో స్పాంజి ముక్కను బిగుతుగా కూరి, నీటిని మళ్ళీ నింపి బెలూను తొడగండి. నొక్కితే ఈసారి బెలూను నెమ్మదిగా ఉబ్బుతుంది. మీ అరచేతికి ఎదురు ఒత్తిడి తెలుస్తుంది. వదిలినప్పుడు నీరు తిరిగి రావడానికీ సమయం పడుతుంది. తల, వెన్ను మధ్య తూముకు అడ్డం పడితే జరిగేది కూడా ఇలాంటిదే.

ఇంగ్లండులో బెర్నార్డ్ విలియమ్స్ అనే శస్త్రవైద్యుడు 1970లలో దీనిని కొలిచి చూశాడు. రోగి దగ్గుతున్నప్పుడు తలలోని ద్రవపీడనాన్ని, నడుము దగ్గరి ద్రవపీడనాన్ని ఒకేసారి నమోదు చేశాడు. అడ్డం ఉన్నవారిలో దగ్గు తరువాత పైపీడనం, కిందిపీడనం వెంటనే సమానం కాలేదు. కొంతసేపు తలలోనే ఎక్కువగా నిలిచింది. దగ్గితే వచ్చే తలనొప్పికి ఈ తేడాయే కారణమని ఆయన 1980లో రాశాడు.

మెదడుకు తనంతట తనకు నొప్పి తెలియదు. నొప్పి తెలిసేది వరాశికకు, రక్తనాళాలకు. పుర్రె వెనుక భాగపు వరాశికకు మెడలోని పై నరాల కొమ్మలు వస్తాయి. అందుకే అక్కడ లాగినా, నొక్కినా నొప్పి నుదుటి మీద కాక తల వెనుక, మెడ పైభాగంలో వస్తుంది. మా విద్యార్థిని చేతులు ఎక్కడికి వెళ్ళేవో గుర్తు చేసుకోండి!

హాన్స్ కియారి చూసిన మెదడు

అడ్డం పడేది ఏమిటి? ఎక్కువమందిలో అది అనుమస్తిష్కమే. దాని అడుగున రెండు చిన్న బుడిపెలు ఉంటాయి. వాటిని టాన్సిళ్ళు అంటారు. గొంతులో వాచే టాన్సిళ్ళకూ వీటికీ ఏ సంబంధమూ లేదు, పేరే ఒకటి. ఇవి మహావివరానికి పైన ఉండవలసినవి. కొందరిలో అవి ఆ కన్నంలోకి జారి, సీసాకు బిరడా బిగించినట్లు కూర్చుంటాయి.

దీనిని వివరంగా వర్ణించినవాడు హాన్స్ కియారి. 1851లో వియన్నాలో పుట్టి, ప్రేగ్‌లో వ్యాధి శాస్త్రం బోధించాడు. చనిపోయినవారి శరీరాలను కోసి పరీక్షిస్తూ ఇలాంటి మార్పులను గుర్తించి 1891లో ప్రకటించాడు. అంతకుముందే 1883లో జాన్ క్లీలాండ్ ఇటువంటి వైకల్యాన్ని వర్ణించినా, కియారి వాటిని రకాలుగా విభజించాడు కనుక ఆయన పేరే నిలిచింది. మొదటి రకానికి ఆయన ఉదాహరణగా చూపినది 17 ఏళ్ళ అమ్మాయి మెదడు. ఆమె టైఫాయిడ్‌తో చనిపోయింది. బతికి ఉన్నప్పుడు అనుమస్తిష్కం వల్ల వచ్చే బాధలేవీ ఆమెలో కనిపించలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. మళ్ళీ దీనితో పని పడుతుంది.

టాన్సిళ్ళు ఎందుకు జారుతాయి? అనుమస్తిష్కం పెద్దదయి కాదు, గది చిన్నదయి! 1981లో మారిన్ పాడిల్లా అనే శాస్త్రజ్ఞుడూ ఆయన సహచరీ గర్భంతో ఉన్న హామ్‌స్టర్ ఎలుకలకు విటమిన్ ఎ అతిగా ఇచ్చి చూశారు. పుట్టబోయే పిల్లలలో పుర్రె అడుగు ఎముక సరిగా ఎదగలేదు. పరఖాతం పొట్టిదయింది. అనుమస్తిష్కం చోటు చాలక కిందికి జారింది. 1999లో అమెరికా వైద్యులు ఇటువంటి రోగులను 364 మందిని పరిశీలించి, కొందరిలో పరఖాతం పరిమాణాన్ని కొలిచారు. మామూలువారి కంటె అది సగటున 13 మి.లీ. తక్కువ ఉంది. 13 మి.లీ. అంటే రెండున్నర చిన్నచెంచాల నీరు! ఇరుకు కపాలంలో ఆ మాత్రం చోటు కూడా లెక్కే.

పుర్రె అడుగున ఇంకో రకం తేడా కూడా రావచ్చు. మెడలో రెండవ వెన్నుపూసకు పైకి పొడుచుకువచ్చిన మేకులాంటి భాగం ఉంటుంది. మనం తల అడ్డంగా ఊపేది దాని చుట్టూనే. కొందరిలో ఆ మేకు మహావివరంలోకి ఎక్కివచ్చి మజ్జాముఖాన్ని వెనక్కి నొక్కుతుంది. ఈ కీలు వదులయినవారికి ఎముకలను పలకలతో, మరలతో బిగించే పద్ధతిని ముంబయి శస్త్రవైద్యుడు అతుల్ గోయల్ తన సహచరుడితో కలిసి 1994లో ప్రకటించారు. నేడు అది అనేక దేశాలలో వాడుకలో ఉంది.

బొమ్మలో కనిపించిందల్లా జబ్బేనా?

కియారి కాలంలో మనిషి చనిపోతే తప్ప ఇది బయటపడేది కాదు. ఇప్పుడు ఎమ్.ఆర్.ఐ. యంత్రం ఉంది. అయస్కాంత క్షేత్రంతో, రేడియో తరంగాలతో అది తలలోపలి బొమ్మ తీస్తుంది. దానికి దారి వేసిన పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ బహుమతి వచ్చింది. టాన్సిళ్ళు మహావివరం అంచు కంటె 5 మి.మీ. లేదా అంతకు మించి జారితే కియారి మొదటి రకం అని వైద్యులు సాధారణంగా లెక్కవేస్తారు.

అయితే తలనొప్పి ఉన్నవారి బొమ్మలో టాన్సిళ్ళు జారి కనిపిస్తే నొప్పికి కారణం అదేనని చెప్పేయవచ్చా? తొందరపడకూడదు. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో 2000 మంది పెద్దవాళ్ళకు ఎమ్.ఆర్.ఐ. తీసి 2007లో ఫలితాలు ప్రకటించారు. వారు జబ్బుతో వచ్చినవారు కాదు, మామూలు జనం. అయినా వారిలో 0.9 శాతం మందికి, అంటే సుమారు 18 మందికి, కియారి మొదటి రకం కనిపించింది. టైఫాయిడ్‌తో చనిపోయిన అమ్మాయిని ఇప్పుడు గుర్తు చేసుకోండి. తేడా ఉన్నంత మాత్రాన బాధ ఉండాలని లేదు.

ఇంకో మెలిక కూడా ఉంది. వెన్ను దగ్గర పొరకు చిల్లు పడి ద్రవం కారిపోతే, నీళ్ళు తగ్గిన చెరువులో పడవ అడుగు తగిలినట్లు మెదడు కిందికి కుంగుతుంది. టాన్సిళ్ళు జారినట్లే బొమ్మలో కనిపిస్తాయి. కాని ఇక్కడ చేయవలసింది చిల్లు పూడ్చడం, ఎముక కోయడం కాదు. ఈ తలనొప్పి సామాన్యంగా లేచి నిలుచుంటే వస్తుంది, పడుకుంటే తగ్గుతుంది. రోగి చెప్పే ఆ ఒక్క మాట విలువైన బొమ్మ కంటె ఎక్కువ చెబుతుంది!

అందుకే వైద్యులు బొమ్మతో పాటు నొప్పి తీరును చూస్తారు. 2018లో వెలువడిన అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణలో కియారి తలనొప్పికి మూడు గుర్తులు ఇచ్చారు. ఒకటి, దగ్గినా ముక్కినా రావడం. రెండు, తల వెనుక భాగంలో రావడం. మూడు, అయిదు నిమిషాలలోపు తగ్గిపోవడం. బొమ్మతో పాటు ఇలాంటి గుర్తులను కూడా చూస్తారు. రోజంతా తల చుట్టూ పట్టీ బిగించినట్లుండే నొప్పికి, వాంతులతో గంటల తరబడి ఒకవైపు పొడిచే పార్శ్వపు నొప్పికి కారణాలు వేరు. అవే ఎక్కువమందిలో కనిపించేవి. అలాంటి నొప్పి ఉన్నవారి బొమ్మలో టాన్సిళ్ళు జారి ఉన్నా, శస్త్రచికిత్స చేస్తే నొప్పి పోతుందన్న భరోసా లేదు.

కాలినా తెలియని చేయి

మళ్ళీ మా విద్యార్థిని దగ్గరకు వద్దాం. నేను కోప్పడిన తరువాత కొన్నాళ్ళకు ప్రయోగశాలలో స్పిరిట్ దీపంతో నీళ్ళు కాచే ప్రయోగం చేయిస్తున్నాను. దీపం ఆర్పగానే ఆ అమ్మాయి ఇంకా కాలుతున్న ముక్కాలి స్టాండును చేత్తో పట్టుకొని పక్కకు జరిపింది.

"కాలుతుందమ్మా!" అని అరిచాను.

"కాలలేదు మాస్టారూ" అంది ఆశ్చర్యంగా. చేయి తిప్పి చూస్తే వేళ్ళ మీద బొబ్బలు లేస్తున్నాయి.

అప్పుడు నాకు భయం వేసింది. గుడ్డ అంచును వేలికి ఆనిస్తే "తెలుస్తోంది" అంది. తాకితే తెలుస్తుంది, కాలితే తెలియదు! ఆ సాయంత్రమే వాళ్ళ ఇంటికి వెళ్ళి, తల్లిదండ్రులతో దగ్గు, తలనొప్పి, చేయి కాలడం మూడూ కలిపి చెప్పాను. మూడూ కలిపి పెద్ద డాక్టరుకు చెప్పమన్నాను. ఎమ్.ఆర్.ఐ.లో టాన్సిళ్ళు బాగా కిందికి జారి ఉన్నాయి. దానితోపాటు వెన్నుపాము నడుమ నీటి గొట్టంలాంటి కుహరం ఏర్పడింది. ద్రవం సాఫీగా పారనప్పుడు ఇలా జరుగుతుంటుంది. దీనిని సిరింగోమైలియా అంటారు. గొట్టం అనే గ్రీకు మాటనుంచి సిరంజి వచ్చింది, ఈ పేరూ వచ్చింది. వేడినీ, నొప్పినీ మోసే నరాల తంతువులు వెన్నుపాము నడుమనుంచి అవతలి వైపుకు దాటుతాయి. అందుకే కుహరం వాటినే ముందుగా దెబ్బతీస్తుంది. తాకిడిని మోసే తంతువుల దారి వేరు కనుక అవి మిగులుతాయి.

చికిత్స మనం చెప్పుకున్న సూత్రం ప్రకారమే. గది ఇరుకు కనుక గదిని పెద్దది చేయాలి. మహావివరం వెనుక అంచున కొంత ఎముకను, చాలాసార్లు శీర్షధరం వెనుక కమానును కూడా తీసివేస్తారు. అవసరమైతే వరాశికకు అతుకు వేసి వెడల్పు చేస్తారు. తూము తెరుచుకొని ద్రవం పారుతుంది. దగ్గుతో వచ్చే తలనొప్పి ఈ చికిత్సకు బాగా లొంగుతుంది. అప్పటికే చెడిన నరాలు మాత్రం పూర్తిగా బాగుపడతాయని చెప్పలేం. ఆలస్యం చేయకూడదనేది ఇందుకే.

ఆ అమ్మాయి కొన్ని నెలల తరువాత బడికి తిరిగి వచ్చింది. వేళ్ళకు వేడి ఇప్పటికీ సరిగా తెలియదు. పొయ్యి దగ్గర జాగ్రత్తగా ఉండాలి. తలనొప్పి మాత్రం పోయింది. "నిన్ను అనవసరంగా కోప్పడ్డానమ్మా" అన్నాను. నవ్వింది. మెడ పట్టుకోలేదు.

మీరు గుర్తుంచుకోవలసినవి

ఇది చదివి, తల నొచ్చినప్పుడల్లా పుర్రెలో తేడా ఉందని భయపడకండి. మనకు వచ్చే తలనొప్పుల్లో చాలావాటికి నిద్ర, తిండి, నీళ్ళు చాలకపోవడం, ఆందోళన, కంటిచూపు లాంటివే కారణాలు. కాని దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, నవ్వినప్పుడు తల వెనుక నొప్పి పదేపదే వస్తుంటే ఇంట్లో చెప్పండి. నడకలో తూలుతున్నా, మింగడం కష్టంగా ఉన్నా, చేతికి వేడి తెలియకపోయినా, వెన్ను ఒక పక్కకు వంగుతున్నా వెంటనే డాక్టరుకు చూపించాలి. నొప్పి ఎప్పుడు వచ్చింది, ఏం చేస్తుండగా వచ్చింది, ఎక్కడ వచ్చింది, ఎంతసేపు ఉంది – ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి. పక్కన కూర్చునే స్నేహితుడు అలా బాధపడుతుంటే వెక్కిరించకండి. పరిశీలించండి. శాస్త్రానికి మొదటి మెట్టు పరిశీలనే. నేను ఆ మెట్టు ఒకసారి తప్పాను. మీరు తప్పవద్దు.

ఆలోచించండి

1. నెలల పిల్లల మాడు ఏడ్చినప్పుడు ఎందుకు బిగుస్తుంది?
2. సీసా ప్రయోగంలో సీసా, బెలూను, స్పాంజి ముక్క శరీరంలోని ఏయే భాగాలకు బదులు?
3. రాటర్‌డామ్ ఫలితం తెలియని డాక్టరు ఎలాంటి పొరపాటు చేసే అవకాశం ఉంది?